త్రాసు మీద బొట్టు

ఇంటి కిందున్న సామాను గదిని, ఇక్కడి మాటలో కెల్లర్‌ని, ఖాళీ చేసి తాళం చెవి అప్పగించడానికి ఇంటావిడ ఇచ్చిన గడువు మార్చి నెలాఖరు. నేను జనవరి రెండో వారంలోనే మొదలుపెట్టాను. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆ మెట్లు రోజుకు రెండుసార్లకు మించి దిగి ఎక్కలేనని నాకు తెలుసు. ఏప్రిల్ నుంచి నా కాపురం కొలోన్‌లో. మా అమ్మాయి ఇంటికి రెండు ట్రామ్ స్టాపుల దూరంలో, పెద్దవాళ్ల కోసం కట్టిన భవనంలో ఒక గది, ఒక వంటగది. అక్కడ కెల్లర్ లేదు. ఉన్నా అందులో ఏం పెట్టుకోవాలో నాకు తోచదు.

జర్మనీలో ఈ జీగెన్ ఊరి చివర కొండవాలు మీదున్న ఈ ఇంట్లో 1979 నుంచి అద్దెకుంటున్నాం. ఇన్నేళ్లలో కెల్లర్‌లోకి దిగిన వస్తువు మళ్లీ పైకి రావడం అరుదు. పాత సూట్‌కేసులు, రుబ్బురోలు పొత్రం, అమ్మాయి స్కీ బూట్లు, ఒకప్పుడు ఇండియా నుంచి ఆవకాయతో వచ్చిన జాడీలు. వాటిని ఒక్కొక్కటే తేల్చాను. ఇవ్వవలసినవి ఇచ్చాను. పారేయవలసినవి చెత్తబండికి టెర్మిన్, అంటే ముందుగా తేదీ, తీసుకుని వీధిలో పెట్టాను. చివరికి గోడ వారగా ఒక చెక్కపెట్టె మిగిలింది. మరిచిపోతే మిగిలింది కాదు. నేనే దాన్ని చివరికి ఉంచుకున్నాను.

అందులో ఉన్నది మా వారు తూటాలు నింపుకునే సామాను.

ఈ మాట చెబితే మనవాళ్లు కొంచెం వింతగా చూస్తారు. మా వారు వేటగాడు కాదు, సైన్యంలో చేసినవారూ కాదు. ఇక్కడి ఇనుము మిల్లులో ఇంజనీరు. ఈ వైపు ప్రతి చిన్న ఊరికీ ఒక షూటింగ్ క్లబ్బు ఉంటుంది. మనవైపు మగవాళ్లు పేకాటకు వెళ్లినట్టు ఇక్కడివాళ్లు శనివారం క్లబ్బుకి వెళ్లి, కాగితం మీద గీసిన గురికి రివాల్వరు కాల్చి, బీరు తాగి ఇంటికొస్తారు. మిల్లులో ఫోర్‌మన్‌గా చేసే స్నేహితుడు మా వారిని 1981లో తీసుకెళ్లి చేర్పించారు. మా వారికి బీరు పడలేదు గానీ గురి బాగా కుదిరింది. దుకాణం తూటాలకు డబ్బు పోసినా ఒక్కోటి ఒక్కోలా పోతుందని సణిగేవారు. రెండేళ్లు సణిగాక పరీక్ష రాసి, తుపాకిమందు వాడే అనుమతి తెచ్చుకుని, సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టారు.

పని చూడ్డానికి తేలికే. పేలిపోయిన తూటా ఇత్తడి గుల్లను ప్రెస్సులో పెట్టి నొక్కితే మళ్లీ అసలు కొలతకు వస్తుంది. దాని అడుగున మందుకు నిప్పంటించే కొత్త టోపీ కూర్చోబెట్టాలి, లోపల తూచిన మందు పోయాలి, పైన సీసపు గుండు బిగించాలి. అన్నిటిలోకీ తూకం ముఖ్యం. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ నాకు కొత్త కాదు. విశాఖలో నేను ఫార్మసీ చదివేటప్పుడు పాత పుస్తకాల్లో మోతాదులు గ్రెయిన్లలోనే ఉండేవి. ఒక గ్రెయిన్ అంటే అరవై అయిదు మిల్లీగ్రాములు. మా వారి రివాల్వరు తూటాకు కావలసిన మందు మూడు గ్రెయిన్లకు కాస్త తక్కువ. అందులో ఒక గ్రెయిన్ తగ్గితే గుండు గొట్టం దాటి బయటికి రాదు, మధ్యలోనే ఇరుక్కుంటుంది. అది గమనించకుండా దాని వెనకాల రెండో తూటా పేలిస్తే రివాల్వరు పగులుతుంది.

1988 నవంబరులో ఒక శనివారం అదే జరిగింది. తూటాలు నింపింది మా వారు. కాల్చింది ఫోర్‌మన్ గారు. మొదటిది తుస్సుమంది. రెండో దానికి ఆయన కుడికన్ను పోయింది.

ఆ ఏడు దసరా అక్టోబరులో వచ్చింది. ఆయుధపూజ నాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టడం నా పని. కారుకి, కుట్టుమిషనుకి, మిక్సీకి, మా వారి స్లైడ్ రూలుకి, కెల్లర్‌లో ప్రెస్సుకి. ఆ ఏడు వేసవిలో ఆయన ఒక త్రాసు కొన్నారు. ఎవరో వాడి అమ్మిన పాతదే. కొత్తగా ఇంటికొచ్చింది గదా అని దానికీ గంధం, పసుపు కలిపి ఒక చుక్క పెట్టి మీద కుంకుమ అద్దాను. పళ్లెం వేలాడే కొక్కెం కింద ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాని మీద. నున్నగా, కంటికి కనబడేలా ఉన్న చోటు అదొక్కటే. నేను పనిచేసే ఆసుపత్రి మందుల గదిలో త్రాసు పళ్లేన్ని ఉత్త వేలితో ముట్టుకున్నవాళ్లను కసిరే మనిషిని నేను. ఇంట్లో ఆ పూట అది త్రాసుగా తోచలేదు.

ప్రమాదం తర్వాత సోమవారం డ్యూటీలో అంతే చుక్క ఒక గాజుబిళ్ల మీద పెట్టి ఆరనిచ్చాను. మర్నాడు పొద్దున తూచాను. అరవై ఎనిమిది మిల్లీగ్రాములు. అంటే ఒక గ్రెయిను, పైన మూడు మిల్లీగ్రాములు. పళ్లెం వైపు ముందే అంత బరువుంటే, ముల్లు సరైన అంకె చూపించేసరికి పళ్లెంలో మందు అంత తక్కువ ఉంటుంది. గాజుబిళ్ల కడిగేసి నా పని చూసుకున్నాను.

ఈ సంగతి మా వారితో అనలేదు. ఆయనా ఆ ప్రమాదం గురించి నా దగ్గర నోరు విప్పలేదు. ఆ వారమే సామానంతా నా పాత నూలు చీరల ముక్కల్లో చుట్టి, పెట్టెలో సర్ది మూత బిగించారు. ఆ చలికాలంలోనే రివాల్వరూ, మిగిలిన మందూ, అనుమతీ తిరిగి అప్పగించేశారు. ఫోర్‌మన్ గారు కోలుకున్నాక ఎప్పటిలాగే ఆదివారాలు కాఫీకి వచ్చేవారు. నేను చేసే గారెలంటే ఆయనకు ప్రాణం. గాజుకన్ను పెట్టుకున్న ఆ ముఖానికి ఎదురుగా ఇరవై ఏళ్లు గారెలు వడ్డించాను. ఆయన 2009లో పోయారు. మా వారు 2023 ఆగస్టులో. పెట్టె నాకు వచ్చింది.

కాబట్టి తేలవలసింది సామాను ధర ఒక్కటే కాదు. ఆ చుక్క ఇంకా త్రాసు మీద ఉందా? ఉంటే, ఒక మనిషి కన్ను నా బొట్టు మూలంగా పోయిందా, లేదా?

ముందు ఊరి ఆఫీసుకి ఫోన్ చేసి, ఇలాంటి సామాను ఇంట్లో ఉంచుకోవచ్చునా, అమ్మవచ్చునా అని అడిగాను. ఇనుమూ ఇత్తడీ అయితే మాకు పనిలేదు, మందుగానీ టోపీలుగానీ ఒక్కటి కనబడినా తాకకుండా మాకు చెప్పండి అన్నారు. పెట్టె తెరిచి పైపైన వెతికాను. అలాంటివేమీ లేవు. మా వారు ఆ విషయంలో ఏమీ మిగల్చరని తెలిసినా వెతికాను. చీర మూటల్ని మాత్రం విప్పలేదు.

మా అమ్మాయి పాత ఇనుముకి వేసేయమంది. "ష్రోట్ అమ్మా అది, అంతే," అంది ఫోనులో. అయినా నా పోరు పడలేక ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన పెట్టింది. రెండు రోజుల్లో పందొమ్మిది మంది రాశారు. వాళ్లలో పదకొండు మంది నమస్కారం కూడా లేకుండా చివరి ధర ఎంత అని మాత్రమే అడిగారు. మొదటి ధర ఇంకా ఎవరూ చెప్పందే చివరి ధర ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాలేదు. ఒకతను యాభై యూరోలిస్తాను, మొత్తం హైవే మీద పెట్రోలు బంకుకి తెచ్చి ఇవ్వండి అన్నాడు. ప్రకటన తీయించేశాను.

చివరికి క్లబ్బుకే ఫోన్ చేశాను. సభ్యులు పోయినప్పుడు వాళ్ల సామాను చూసి, ఏది ఏమిటో గుర్తుపట్టి, ధర కట్టి అమ్మిపెట్టే పెద్దాయన ఒకరున్నారని చెప్పారు. ఎనభై ఒకటి దాటాయట. పేరు వినగానే నాకు తెలిసింది. ఆ రోజుల్లో క్లబ్బులో భద్రత చూసుకున్నది ఆయనే. వద్దంటే ఇంకెవరూ లేరు. ఫిబ్రవరిలో ఒక మంగళవారానికి టెర్మిన్ కుదిరింది.

చేతిలో భూతద్దం, చిన్న డబ్బాలో పరీక్ష తూనికలు, చంకలో తన కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని వచ్చారు. నన్ను చూసి "ఫ్రావ్ అపోతేకరిన్" అన్నారు. మందులమ్మగారూ అని. ఇన్నేళ్ల తర్వాత నేనేం చేసేదాన్నో గుర్తుంది.

"మూడు ఊళ్లలో చచ్చినవాళ్ల సామానంతా నా చేతుల మీదుగానే పోతోంది," అన్నారు కోటు విప్పుతూ. "నేను పోతే నాది చూసేవాడు లేడు. అందుకే పోకుండా ఉన్నాను."

"మాది పూర్తయ్యేదాకా ఆగండి," అన్నాను.

పెట్టెను పైకి తేవడం ఇద్దరి వల్లా కాలేదు. మూటలు ఒక్కొక్కటే తెచ్చాం. ప్రెస్సు ఎనిమిది కిలోలు. మలుపు దగ్గర మెట్టు మీద దాన్ని మా ఇద్దరి మధ్య పెట్టుకుని కూర్చుని, ఊపిరి తీసుకుని మళ్లీ లేచాం. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి ఉంచాను.

ఆయన పనిచేసే తీరు నాకు నచ్చింది. ఒక వస్తువు తీస్తే అది తేలేదాకా రెండోది ముట్టుకోరు. ముందు ప్రెస్సు. దాని వీపు మీద పోతపోసిన పేరు చదివారు. కింద ఉన్న అంకెను భూతద్దంతో చూశారు. పిడి చివర చెక్కబంతిని గోటితో గీకి, ఇది అసలుదే అన్నారు. తర్వాత వచ్చిన వాటికి ప్లాస్టిక్ బంతి ఉంటుందట. అంటే 1970కి ముందుదన్నమాట, మా వారు కొనేనాటికే పాతది. ప్రెస్సు నుదుటి మీద ఆరు దసరాల బొట్లు ఒకదాని మీద ఒకటి ఎండి పెచ్చు కట్టాయి. రంగా అని అడిగారు. పూజ అన్నాను. తలూపి నూనెగుడ్డతో తుడిచేశారు. కింద పెయింటు ఆ మేరకు కొత్తదిలా పచ్చగా ఉంది. తొంభై యూరోలు అన్నారు.

తర్వాత డైలు. గుల్లను అసలు కొలతకు తెచ్చే ఉక్కు అచ్చులవి. ఆరు పెట్టెలున్నాయి. అయిదింటికి పెట్టెకు పదిహేను చొప్పున డెబ్బై అయిదు. ఆరోది చిన్న చెక్కపెట్టెలో ఉంది. దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఈ సైజు తూటా కాల్చేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, అందుకని దీనికి నలభై అన్నారు. పనికొచ్చేదానికి పదిహేను, పనికిరానిదానికి నలభయ్యా అన్నాను. పనికొచ్చేవి అందరి దగ్గరా ఉంటాయి గదా అన్నారు. అది లెక్కే, కాదనలేను, కానీ నాకు విసుగొచ్చింది. మందు పోసే ఇత్తడి కొలతగొట్టానికి నలభై అయిదు. గుల్లల మూతి కత్తిరించే పరికరంలో ఒక సూది పోయింది, ముప్పైలో అయిదు తగ్గించి ఇరవై అయిదు. అప్పటికి రెండు వందల డెబ్బై అయిదు అయింది. పదకొండు గంటలయింది. ఆయన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకున్నారు. నేను అన్నం వండి ఉంచాను, తింటారా అంటే, మీ వంట కారం అని ఫోర్‌మన్ చెప్పేవాడు, నాకు కడుపు బాగుండదు అన్నారు. ఆ పేరు మా ఇద్దరి మధ్యకు రావడం అదే మొదటిసారి.

చివరి మూట త్రాసు. దాని అట్టపెట్టెతో సహా లేతాకుపచ్చ చీర ముక్కలో ఉంది. నేను విప్పలేదు. ఆయన్నే విప్పనిచ్చాను.

చుక్క అక్కడే ఉంది. కుంకుమ నల్లబడింది, అంచున పసుపు మాత్రం అలాగే ఉంది. ఆయన దాన్ని ఇంకా గమనించలేదు. పీఠాన్ని బల్ల మీద పెట్టి, కాడను దాని మీద నిలిపారు. మరలు తిప్పి సున్నాకి తెచ్చేస్తే ఇక తెలిసేదేముంటుంది అని అడిగాను. ఈ రకం అలా కాదన్నారు. పీఠంలో ఒక నీటిబుడగ ఉంది. పీఠం కాలికున్న మరతో బుడగను మధ్యకు తేవాలి, అంతవరకే. బుడగ మధ్యలో ఉండి కూడా ముల్లు సున్నా దగ్గర నిలవకపోతే లోపం త్రాసులోనే ఉన్నట్టు.

నా లెక్క ప్రకారం ముల్లు పళ్లెం వైపు ఒక గ్రెయిన్ దిగిపోవాలి. ఆయన కాలి మర తిప్పుతున్నంతసేపూ నేను బుడగనే చూశాను. అది మధ్యకు వచ్చింది. ఆయన కాడను వదిలారు. ముల్లు పైకీ కిందికీ ఊగింది, ఊగడం తగ్గింది, ఆగింది. సున్నా గీత మీద ఆగింది.

మళ్లీ పెట్టమన్నాను. పెట్టారు. మళ్లీ అక్కడే. ఇంకోసారి అన్నాను. నా వంక చూసి ఇంకోసారి పెట్టారు. ఒక గ్రెయిన్ పరీక్ష తూనిక వేస్తే సరిగ్గా ఒక గ్రెయిన్ చూపించింది. మంచి త్రాసు అని మెచ్చుకుని, పళ్లేన్ని తీసి కొక్కెం తిప్పి చూశారు. "ఇక్కడ తుప్పు పట్టింది," అంటూ నూనెగుడ్డ అందుకున్నారు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "తుడవకండి."

"తుడిస్తే అరవై పలుకుతుంది. ఇలాగైతే ముప్పై అయిదు."

"అది తుప్పు కాదు. బొట్టు. నేను పెట్టింది."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి బిళ్లను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు.

"ఓహో. ఆ మచ్చ ఇదా," అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. ప్రమాదం జరిగిన మర్నాడు, ఆదివారం పొద్దున, మా వారు త్రాసునూ, మిగిలిన తూటాలనూ క్లబ్బుకి తెచ్చి ఈయన ముందు పెట్టారు. పరీక్షించమన్నారు. యాభైలో రెండు పేలాయి, నలభై ఎనిమిది ఉన్నాయి. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కదాని గుండు లాగి, లోపలి మందును క్లబ్బు త్రాసులో తూచారు. నలభై ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు ఈయన మా వారి త్రాసు తీసి చూస్తే కొక్కెం మీద ఎర్రటి చుక్క కనబడింది. దొరికింది, ఇదిగో నీ తప్పు అన్నారట.

"మీ ఆయన ఏమన్నాడో నాకు మాటతో సహా గుర్తుంది, ఎందుకంటే అప్పుడు నాకు ఒళ్లు మండింది," అన్నారు పెద్దాయన. "'అది మా ఆవిడ పండక్కి పెట్టింది. నేను లెక్కలో వేసుకున్నాను' అన్నాడు."

ఆయన బిళ్ల అంచు పట్టుకుని తిప్పారు. అది మూతలా ఊడివచ్చింది. లోపల గుంటలో ఆవగింజలంత సీసపు గుళ్లు నాలుగు, పక్కన బ్లేడుతో కోసిన సగం గుండు ఒకటి ఉన్నాయి. కార్ఖానాలో త్రాసును సరిచేసేది ఆ గుళ్లతోనేనట. మా వారు చుక్క బరువుకు తగినంత సీసం లోపలి నుంచి తీసేశారు. తీసిందేమైందని త్రాసు అట్టపెట్టె దులిపితే మూలలోంచి చిన్న కాగితం పొట్లం పడింది. పొడి మందుల పొట్లం మడత. పెళ్లయిన కొత్తలో అది ఆయనకు నేర్పింది నేనే. మీద ఏమీ రాయలేదు. లోపల మిగతా సగం గుండూ, ఇంకో చిన్న గుండూ ఉన్నాయి. పళ్లెంలో వేసి తూచాం. ఒక గ్రెయిను, పైన వెంట్రుకవాసి. అంటే ఆనాటి నా అరవై ఎనిమిది మిల్లీగ్రాములూ సరైనవే.

నాకు ఇంకో సందేహం మిగిలింది. మా వారు ఈ సీసం ఎప్పుడు తీశారు? ప్రమాదానికి ముందా, తెలిశాక ఆ రాత్రేనా?

"ఆదివారం పొద్దున్నేనా? సోమవారం కాదు గదా?" అని అడిగాను.

"ఆదివారమే. చర్చి గంటలు మోగుతున్నాయి. మా ఆవిడ నా కోసం గుమ్మంలో నిలబడి, చూసి చూసి ఒక్కతే వెళ్లింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు."

శనివారం రాత్రంతా మేమిద్దరం ఫోర్‌మన్ గారి భార్యతో ఆసుపత్రి వరండాలో ఉన్నాం. తెల్లవారి అటునుంచి అటే ఇంటికొచ్చాం. మా వారు ఇంజను ఆపకుండా, నన్ను కారులోనే ఉంచి, కెల్లర్‌లోకి వెళ్లి ఒక సంచితో వచ్చారు. నన్ను ఇంటి ముందు దింపి క్లబ్బుకి వెళ్లిపోయారు. ఆ కాస్తసేపట్లో సీసం కోసి, తూచి, పొట్లం కట్టడం కుదరదు. నలభై ఎనిమిది తూటాలు ఎలాగూ అబద్ధం చెప్పవు. నా బొట్టు కాదు.

"మరి ఎందుకు జరిగింది?"

"ఏదో ఒక గుల్లలో మందే పడలేదేమో. ఎవరో పిలిస్తే తల తిప్పుతాం, ఒకటి దాటిపోతుంది. నాకూ అయింది ఓసారి, దేవుడి దయవల్ల చూసుకున్నాను. లేకపోతే రివాల్వరుదే లోపం కావచ్చు. అది తేలలేదు." ఆయన ఫ్లాస్కు మూత బిగించారు. "నీ తప్పు కాదని మేమంతా చెప్పాం. ఫోర్‌మనే ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పాడు. మీ ఆయన ఒకటే మాట. నలభై ఎనిమిది సరిగ్గా ఉంటే ఉన్నాయి, ఆ రెండింటి సంగతి నాకు తెలియదు గదా అని. మళ్లీ క్లబ్బు గుమ్మం తొక్కలేదు. ఇదంతా మీకు చెప్పలేదా?"

"లేదు."

"మీరు అడగలేదా?"

"లేదు."

ఆయన ఇంక అడగలేదు. జర్మన్ల మర్యాద అక్కడ బాగుంటుంది.

బరువు దిగినట్టు అనిపించాలి. అనిపించలేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, వండిన అన్నం చల్లారిపోయింది, ఆయనకు వాన పడకముందే సామాను కారెక్కించుకోవాలని ఉంది. కానీ త్రాసు ధర ఇంకా తేలలేదు. చుక్కతోనే ఇచ్చేయండి, కొనేవాడికి నేను చెబుతాను, అని ఆయన అన్నారు. కావాలంటే మీరే ఉంచుకోండి అని కూడా అన్నారు, నా ముఖం చూసి.

నేను ఆలోచించింది వేరు. చుక్కతో అమ్మితే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు దాన్ని తుప్పనుకుని తుడుస్తారు. ఇందాక ఈయనే తుడవబోయారు. చుక్క పోతే పళ్లెం ఒక గ్రెయిన్ తేలికవుతుంది, లోపల సీసం ముందే తీసి ఉంది. ముల్లు సరైన అంకె చూపించేసరికి పళ్లెంలో మందు ఒక గ్రెయిన్ ఎక్కువ ఉంటుంది. అది తక్కువ పడడం కన్నా ప్రమాదం. నేను ఉంచుకుంటే, నా తర్వాత అమ్మాయి దీన్ని ఎవరికో ఇస్తుంది, దానికి ఈ సంగతులేవీ తెలియవు. తూకం వేసే వస్తువును అలా వదలకూడదు.

గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చాను. చెవి పుల్ల దూదితో తడిపి తడిపి రుద్దాను. కుంకుమ త్వరగానే పోయింది. గంధం గట్టిగా పట్టుకుంది. పసుపు నీళ్లు పేపరు మీదికి కారాయి. చివరికి లోహం కనబడింది, అక్కడ మాత్రం కొంచెం మెరుస్తూ. ఆరేదాకా ఆగాం. పొట్లంలోని రెండు ముక్కలూ పట్టకారుతో గుంటలో వేసి మూత బిగించాను. ఆయన బుడగ చూసి కాడను వదిలారు. ముల్లు సున్నా మీద నిలిచింది.

"అరవై," అన్నారు. "మొత్తం మూడు వందల ముప్పై అయిదు."

నేను కూడి చూశాను. సరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం విరామంలో అమ్మాయి ఫోన్ చేసింది. అంతా పోయిందా అని అడిగింది. పోయింది, మూడు వందల ముప్పై అయిదు పలుకుతుందట అన్నాను. "జూపర్ అమ్మా, ష్రోట్‌కి వేసుంటే పది కూడా వచ్చేది కాదు," అంది. నన్ను పొగడడానికి దానికి వేరే సందర్భాలు దొరకవు. అప్పుడు చెప్పాను, త్రాసు సంగతి. దసరా, గాజుబిళ్ల, ఫోర్‌మన్ గారి కన్ను, సీసపు ముక్కలు. అది ఆఫీసు మెట్ల మీద నిలబడి వింటోంది, వెనకాల ఎవరో జర్మన్‌లో నవ్వుకుంటూ దిగుతున్నారు.

"ఇన్నేళ్లా?" అంది. "నాన్నని ఒక్క మాట అడిగితే సరిపోయేదిగా అమ్మా."

"అడిగితే అవునంటే?"

అన్నం తిన్నావా అని అడిగింది అమ్మాయి. తిన్నాను అన్నాను.

ఆయన ఎందుకు చెప్పలేదో మాత్రం నేను అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. చుక్క చూశారు, ఆరాక తూచారు, అంత సీసం తీశారు, పొట్లం కట్టి దాచారు. ఆయన లెక్కలో అక్కడితో అది అయిపోయిన పని. చెబితే నేను నొచ్చుకుంటాననుకున్నారో, చెప్పడానికి ఇందులో ఏముందనుకున్నారో. ప్రమాదం తర్వాత ఆయన కుమిలింది తన చేతి గురించే. నా చుక్క ఆయన తలలోకి కూడా వచ్చి ఉండదు. నేనూ దాన్ని తూచానని ఆయనకు తెలియదు.